చచ్చినవాణ్ణి లేవనివ్వని మనిషి

ఆవిడ పోయిందన్న కబురు నాకు రేపల్లె బండిలో తెలిసింది. చెప్పినవాడు ఒకప్పుడు మా నాటకాలకు వాయించిన హార్మోనిస్టు.

"విన్నారా మేష్టారూ, పోయినవారం ఆవిడ పోయిందండి" అన్నాడు.

ఎవరని అడిగాను.

"అదేనండి, చచ్చినోణ్ణి లేవనివ్వని ఆవిడ!" అని పకపకా నవ్వాడు. ఎదురుబల్ల మీద కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు కూడా నవ్వారు. వాళ్ళకూ తెలుసన్నమాట. ఎనిమిదేళ్ళుగా తెనాలిలో ఇదొక హాస్యకథ. పెళ్ళిపందిట్లో, కాఫీహోటల్లో, పరిషత్తు నాటకాల విరామంలో ఎవడో ఒకడు దీన్ని చెప్పి నవ్విస్తూనే ఉంటాడు. చెప్పేవాళ్ళలో సగంమంది ఆ రోజు అక్కడ లేనే లేరు.

నాకు ఒళ్ళు మండింది. చావు కబురు చెబుతూ నవ్వేవాణ్ణి ఏమనాలి? ఏమీ అనలేదు. నోరు మూసుకునే ఆ అలవాటు నాకు ఆ నాటకం రోజులనుంచీ ఉంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. గోడపత్రికల మీద ఆవిడ పేరు ఎప్పుడూ అందరికన్నా కింద, ప్రెస్సు పేరుకు కాస్త పైన ఉండేది. ఇప్పుడు నేను పెద్దక్షరాలతో రాసి ఉద్ధరించేదేమీ లేదు.

ఆవిడది రేపల్లె. సముద్రం మీదికి వేటకు వెళ్ళే కుటుంబం. అన్నదమ్ములకు పడవలున్నాయి. ఈవిడ మాత్రం పద్యాల్లో పడింది. తెనాలి నాటక కాంట్రాక్టర్లు పిలిస్తే వెళ్ళి ద్రౌపదో, చంద్రమతో, ఎవరో ఒకరి తల్లి వేషమో వేసేది. అక్షరం ముక్క రాదు. ఎవరైనా పక్కన కూర్చుని రెండుసార్లు చదివితే చాలు. పెదవి కదపకుండా వినేది. తర్వాత గోడవైపు తిరిగి మొత్తం అప్పజెప్పేది. నేను ఒకటి రెండుచోట్ల తప్పు చదివితే ఆ తప్పులతో సహా అప్పజెప్పేది. తప్పు నాదేనని నాకప్పుడు తెలిసేది.

ఎక్కడికెళ్ళినా తన కూర్చునే పీట తనే తెచ్చుకునేది. నాటకాలవాళ్ళ గదిలో కుర్చీలు మగవాళ్ళకి. ఆడవాళ్ళు ట్రంకుపెట్టెల మీద కూర్చోవాలి. అదేమని అడిగి ఒకసారి మాట పడిందట, అప్పటినుంచీ పీట. వేషం పూర్తిగా కడిగేసుకునేదాకా ముద్ద ముట్టేది కాదు. "వేరేవాళ్ళ మొహం పెట్టుకుని తింటే నా కడుపు ఎట్టా నిండుద్దండీ?" అనేది. నచ్చని పని ఎవరు చేసినా, ఎంతటివాళ్ళైనా, ఒకటే మాట. "ఇదేం మర్యాదండీ?" గొంతు పెంచేది కాదు. ఆ 'అండి' దగ్గరే ఎదుటివాడికి చురుక్కుమనేది.

డెబ్భై ఒకటి వేసవిలో తూర్పు బెంగాల్ వార్తలు వస్తున్నాయి. వాళ్ళ ఊళ్ళలో వాళ్ళనే సొంత ప్రభుత్వపు సైన్యం కాలుస్తోంది. మా తెనాలిలో కూడా కొందరం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. ఆ ప్రజల పోరాటానికి మద్దతుగా సభలు, ఊరేగింపులు, ఒక నాటకం. నాటకం రాసింది నేను. అప్పటికి నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. సంఘానికీ, మా స్కూలు కమిటీకీ కూడా అధ్యక్షుడు ఒకాయనే. దుగ్గిరాలలో పసుపు వ్యాపారం, తెనాలిలో మేడ. అందరం ప్రెసిడెంటుగారనేవాళ్ళం. ఖర్చంతా ఆయనదే. కాబట్టి హీరో వేషం కూడా ఆయనదే.

కథ ఇరవయ్యేళ్ళ బెంగాలీ కుర్రాడిది. ప్రెసిడెంటుగారికి నలభై ఏడు. తల్లి వేషం వేసే ఆవిడకు నలభై. తల్లికన్నా కొడుకు ఏడేళ్ళు పెద్ద. అయినా ఎవరూ నోరెత్తలేదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేస్తుంటే అడ్డేవాడెవడు? ఇక్కడ సొమ్ము కూడా అల్లుడిదే!

నేను వచనంలో రాశాను. ఆయన చదివి, "బాగుంది మేష్టారూ, పద్యాలేవి?" అన్నారు. గుండు దెబ్బ తిన్నవాడు పద్యమెలా పాడతాడండీ అన్నాను. "పద్యం లేకపోతే తెనాలిలో కుక్క కూడా చూడదు" అన్నారు. చనిపోయే ఘట్టంలో ఒక పద్యం రాసిచ్చాను. నా చేత్తో చేసిన మొదటి తప్పు అది. డ్రెస్సు కంపెనీ వాళ్ళు తెరిచిన పెట్టెలో సైనిక దుస్తులు లేవు. శత్రు సేనాని దుర్యోధనుడి మీసాలు పెట్టుకున్నాడు. మా విప్లవ వీరుడు పట్టు లాల్చీ వేసుకుని, చేతి గడియారం తీయనన్నాడు.

రిహార్సల్స్‌లో ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఆ తల్లి పేరేంటండీ?"

నేను 'తల్లి' అనే రాశాను. అదే చెప్పాను.

"పేరు లేని మనిషికి ఎట్టా ఏడవను? పేపర్లో వేస్తారేమో చూడండి."

పేపర్లో నాయకుల పేర్లే ఉన్నాయి. అప్పటినుంచి రోజూ రిహార్సలుకు ముందు నేను పేపరు చదవాలి, ఆవిడ పీట మీద కూర్చుని వినాలి. వాళ్ళు ఏం తింటారని అడిగింది. బియ్యం, చేపలు అన్నాను. ఊళ్ళు ఎట్టా ఉంటాయంది. ఏరు సముద్రంలో కలిసే మొగల్లో, కాలవల మధ్య, పడవల మీద రాకపోకలు అని చెప్పాను. "అయితే మావాళ్ళేగదండీ!" అంది. అంతే, ఆ క్షణం నుంచి ఆవిడకు అది పరాయి దేశం కాదు. మర్నాడు పేపర్లో వేరే వార్త వస్తే ఊరుకునేది కాదు. "నిన్న తగలబెట్టారన్న ఊరి సంగతేంటండీ? వాళ్ళేమయ్యారు? సగం చెప్పి వదిలేస్తారా, ఇదేం మర్యాద?" అని పేపరును నిలదీసేది. పేపరు బదులు నేను తలదించుకునేవాణ్ణి.

నాటకానికి టిక్కెట్టు లేదు. మనిషికొక బట్ట తేవాలి, అవి మూటలు కట్టి కాందిశీకులకు పంపాలి. ఇదీ మా ఏర్పాటు. తుఫాన్లకూ వరదలకూ అలవాటుపడ్డ జనం కదా మావాళ్ళు. ఇంట్లో పనికిరానిది తీసి పడెయ్యడమే సహాయమని వాళ్ళ లెక్క. తెనాలిలో ఆటయ్యాక కుప్ప చూస్తే సగం చిరుగులు. ఆవిడ ఒక్కొక్కటే విప్పి, దీపానికి ఎత్తి చూసి, పక్కన పెట్టింది. ఒక జరీ పంచె దగ్గర ఆగింది. చెయ్యి దూరేంత చిల్లు. ఎవరిదని అడిగింది. ఒక ప్లీడరుగారి ఇంటినుంచి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆ పంచె మడతపెట్టుకుని, నన్ను వెంటేసుకుని ఆ ఇంటికి వెళ్ళింది. ప్లీడరుగారి భార్య అరుగు మీదికి వచ్చింది.

"మీ మసిగుడ్డ మా బట్టల్లో కలిసిపోయిందండి. వంటింట్లో వెతుక్కుంటుంటారని తెచ్చాను."

ఆ ఇల్లాలి మొహం కందగడ్డయింది. "ఇట్టాంటివాటికి ఇచ్చేవి ఇట్టాంటివేగదమ్మా" అంది.

"వాళ్ళేం అడుక్కోవడంలేదండి. మా ఊరు మాకు కావాలని పోట్లాడుతున్నారు. ఎవరైనా పోట్లాడేవాళ్ళకి చిరుగులిస్తారా? ఇదేం మర్యాదండీ?"

లోపల్నుంచి కొత్త దుప్పటి ఒకటి వచ్చి అరుగు మీద పడింది. ఆవిడ దాన్ని తీసి, దులిపి, మడతపెట్టి, "వస్తామండి" అంది. దారిలో నేను ఆవిడకు నాలుగడుగులు వెనక నడిచాను. ఎవరైనా చూస్తారేమోనని. అబద్ధమెందుకు, నేను అలాంటివాణ్ణే.

ఇక అసలు సంగతి. మా వైపు పద్యనాటకాల్లో ఒక ఆచారముంది. పద్యం రక్తి కడితే జనం 'వన్స్‌మోర్' అంటారు. అన్నాక పాడి తీరాలి. పాత్ర అప్పటికే చచ్చి పడున్నా సరే. లేచి, గుడ్డలు దులుపుకుని, హార్మోనీ వైపు తలాడించి, మళ్ళీ రాగం తీసి, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. ఎన్ని వన్స్‌మోర్‌లు పడితే అంత గొప్ప. పైఊరి వాళ్ళకు వింతగా ఉంటుందేమో, మాకు లేదు. తాతల నాటినుంచీ చచ్చినవాళ్ళు మా ముందు లేస్తూనే ఉన్నారు.

తెనాలిలో ప్రెసిడెంటుగారు రెండుసార్లు చచ్చారు. ముందువరసలో కూర్చున్నవాళ్ళు ఆయన పసుపు మిల్లు గుమాస్తాలే. తెర పడ్డాక ఆవిడ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"బాబుగారూ, మీరు లేవకండి. నా ఏడుపు సగంలో ఉండగా మీరు లేస్తే నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ఇదేం మర్యాదండీ?"

"జనం అడిగారమ్మా. కళాకారుడికి జనమే దేవుళ్ళు" అన్నారాయన అద్దంలో చూసుకుంటూ. సరేనని కూడా అన్నారు. బాపట్లలో మూడుసార్లు చచ్చారు.

బాపట్ల ఆట మర్నాడు పొద్దున స్టేషన్లో బండి కోసం కూర్చున్నాం. ఎప్పటిలాగే పేపరు చదవమంది. ఒక ఏటి ఒడ్డు ఊళ్ళో కుర్రాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చారు. ఒకావిడ పడవలో తిరుగుతూ శవాల్లో కొడుకును వెతుక్కుంటోంది. అదీ వార్త. చదివి ఆపాను. ఆవిడ పట్టాల వైపు చూస్తూ, "ఇంకోసారి చదవండి" అంది. వార్తను రెండోసారి చదవమని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. చదివాను.

"రెండుసార్లు చదివినా బతకలేదుగదండీ" అంది.

తర్వాత చాలా మామూలుగా చెప్పింది. "రేపల్లెలో ఆయన లేస్తే నేనూరుకోను. ముందే చెప్పండి ఆయనకి."

మీకు ఏటా శివరాత్రి కాంట్రాక్టులు వస్తాయి కదండీ, ఆయన ఒక్కమాట చెబితే ఎవరూ పిలవరు అన్నాను. మా నాటకాల వాళ్ళకు శివరాత్రి అంటే నాలుగు నెలల తిండి. ఆవిడకు తెలియక కాదు. "తెలుసండి. మీరైతే చెప్పండి" అంది. నేను ఆయనకు చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు వెళ్ళి, ఎండ గురించి మాట్లాడి వచ్చేశాను.

రేపల్లెలో ఒక సినిమాహాలు వాళ్ళు మ్యాటినీ మానుకుని హాలు ఇచ్చారు. కుర్చీల్లో ఊరి పెద్దలు, నేల మీద రేవుల నుంచి వచ్చిన జనం. ఆవిడ వాళ్ళు కూడా అందులోనే ఉన్నారు. నేను పక్కతెర చాటున నాటకం ప్రతి పట్టుకుని మాట అందిస్తున్నాను. ప్రెసిడెంటుగారు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పద్యం పాడారు. నిజం చెప్పాలి, గొంతు మంచిదే. పాడారు, చచ్చారు. ఆవిడ నోట మొదటి ఏడుపు రాబోతోంది. అప్పుడే కుర్చీల్లోంచి, "వన్స్‌మోర్!"

ఆయన కళ్ళు తెరిచి లేవబోయారు. ఆవిడ అరచెయ్యి ఆయన ఛాతీ మీద పెట్టి నొక్కింది. ఆయన అది నటన అనుకున్నారు. మళ్ళీ లేవబోయారు. ఈసారి రెండో చెయ్యి కూడా వేసి, ఒంగి, బరువంతా మోపింది. "ఏయ్, లెగనియ్యవే!" అన్నారాయన. నాలుగు వరసలదాకా వినిపించింది. హార్మోనిస్టు అలవాటు కొద్దీ శ్రుతి ఇచ్చాడు. ఆవిడ తల తిప్పి, "ఆపండి" అంది. ఆపాడు.

అప్పుడు జనం వైపు చూసింది.

"ఏంటండీ వన్స్‌మోరు? మీ వీధిలో కుర్రాడు చచ్చిపోతే వాళ్ళమ్మని ఇంకోసారి ఏడవమంటారా? అక్కడ నిజంగా చస్తున్నారు. ఒక్కసారే చస్తున్నారు. పడవల మీద తిరిగి తల్లులు వెతుక్కుంటున్నారు. మనకి తెలీదా ఆ వెతుకులాట? వీణ్ణి నేను లేవనివ్వను. చచ్చిపోయాడు. చూసి వెళ్ళండి."

నేల మీద ఎవరో ముసలావిడ ఏడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కుర్చీల్లోంచి కేకలు, "దించెయ్ తెర!" అని. తెర దించారు. కానీ బయటికి వెళ్ళేటప్పుడు నేల జనం చాలామంది, లోపలికి వస్తూ ఒక బట్ట ఇచ్చినవాళ్ళే, భుజం మీది తువ్వాళ్ళు కూడా తీసి కుప్ప మీద వేసి వెళ్ళారు. మా సంఘం మూడు ఊళ్ళలో చేసిన సభలన్నీ కలిపినా ఆ పది నిమిషాలంత పని జరగలేదు. ఈ సంగతి హాస్యకథలో ఉండదు.

వారం తర్వాత ప్రెసిడెంటుగారు నన్ను మేడకు పిలిచారు. కోప్పడలేదు. కాఫీ ఇప్పించారు. "ఆవిడ పొరపాటు ఒప్పుకుంటూ ఒక కాగితం రాసి వేలిముద్ర వేయించండి మేష్టారూ. లేకపోతే కాంట్రాక్టర్లకు చెప్పాల్సి వస్తుంది. పాపం, తిండికి ఇబ్బంది పడుద్ది" అన్నారు. కప్పు కింద పెట్టి, "మీ కన్ఫర్మేషన్ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, చూస్తాను" అన్నారు.

రాశాను. నీతులు చెప్పే తెలుగు మాస్టరు చక్కటి తెలుగులో రాశాడు. రేపల్లె వెళ్ళాను. తమ్ముడి ఇంటి ముందు ఆవిడ ఎండుచేపలు తిరగేస్తోంది. చేతులు కడుక్కుని వచ్చి రెండుసార్లు చదవమంది. చదివాను. గోడవైపు తిరిగి కాగితమంతా నాకు అప్పజెప్పింది. 'అవివేకం వల్ల', 'పెద్దల మనసు నొప్పించినందుకు', 'ఇకముందు ఇటువంటివి', అన్నీ నా మాటలే. ఇంకొకరి నోట వింటే ఎంత నీచంగా ఉన్నాయో తెలిసింది.

"దీంట్లో చచ్చిపోయిన కుర్రాడు ఎక్కడా లేడేంటండీ మేష్టారూ?" అంది.

నేను శివరాత్రి గురించి చెప్పాను. తిండి గురించి చెప్పాను. నా ఉద్యోగం గురించి కూడా చెప్పాను, సిగ్గులేకుండా.

"వెయ్యనండి" అంది. "ఎండనపడి వచ్చారు, భోంచేసి వెళ్ళండి."

చేపలపులుసుతో అన్నం పెట్టింది. తిన్నాను. తిని, తెనాలి వచ్చి, స్కూలు ఆఫీసుగదిలో ఎవరూ లేనప్పుడు సిరా దిండు తెరిచి, నా బొటనవేలు అద్ది ఆవిడ పేరు కింద ముద్ర వేశాను. ఆవిడ తిండి పోకూడదనే చేస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. నా ఉద్యోగం మాట పైకి అనుకోలేదు.

డిసెంబరులో ఆ దేశం స్వతంత్రమైంది. తెనాలిలో బాణాసంచా కాల్చారు. ఊరేగింపులో ప్రెసిడెంటుగారు ఓపెన్ జీపు మీద మెడనిండా దండలతో నిలబడ్డారు. నేను పక్కనే జెండా పట్టుకున్నాను. అప్పటికి నేను పర్మినెంటు.

సంక్రాంతి వెళ్ళాక తెనాలి నాటక కాంట్రాక్టరొకాయన ఆవిడకు కబురు పెట్టాడు. శివరాత్రికి రెండు ఆటలు ఉన్నాయని, వచ్చి మాట్లాడుకోమని. ఆ రోజు నేను కూడా ఆయన ఇంట్లోనే ఉన్నాను, ఏదో నాటకం ప్రతి సరిచేయడానికి. ఆవిడ వచ్చి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. కాంట్రాక్టరు మంచి మనిషే. "పోన్లే అమ్మా, తప్పు ఒప్పుకున్నావు, పెద్దాయన క్షమించాడు" అన్నాడు.

"నేనేం ఒప్పుకున్నానండీ?"

ఆయన సొరుగులోంచి ప్రెసిడెంటుగారు పంపిన కాగితం తీసి చూపించాడు. ఆవిడకు అక్షరాలు తెలియవు కానీ వేలిముద్ర తెలుసు. కాసేపు చూసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. ఆ కాగితం తన దగ్గరికి తెచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్కమాట చాలు, నా ఉద్యోగం, నా మర్యాద ఆ గదిలోనే మట్టిలో కలిసిపోయేవి. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను.

"ఇది నా వేలు కాదండి" అంది కాంట్రాక్టరుతో. "నేను తప్పు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నానని పిలిచేట్టయితే నాకీ ఆటలొద్దు."

"నీది కాకపోతే ఎవరిదమ్మా మరి?"

"ఎవరిదైతే ఏంటండీ. నాది కాదు, అంతే" అంది. పీట తీసుకుని లేచింది. శివరాత్రి పోయింది, ఆ తర్వాత అన్ని శివరాత్రులూ పోయాయి. ఏడేళ్ళు ఎండుచేపలు అమ్ముకుని బతికింది. ఆవిడకది అప్పుడే తెలుసు. తెలిసి కూడా నన్ను చూపించలేదు.

కాంట్రాక్టరుకు అనుమానం తగిలింది. నా వైపు తిరిగాడు. "మేష్టారూ, కాగితం రాసింది మీరేగా. ఈవిడ మీ ఎదురుగానే వేసిందా ముద్ర?"

ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటోంది.

"అవునండి" అన్నాను.